తొక్కు, పట్టుకో, వదులు

అందరికీ నమస్కారం. నేను మెకానిక్‌ను కాను, బ్యాంకులో పనిచేసి రిటైరయినవాణ్ని. పద్దెనిమిదేళ్ల డీజిల్ బండి ఒకటి ఉంది, దాన్ని అమ్మబుద్ధి కాదు. ఆ బండి బ్రేకుల గురించి నేర్పిన పాఠమే ఇవాళ చెప్తాను.

మూడేళ్ల క్రితం తిరుమల కొండ మీద దర్శనం చేసుకుని దిగుతున్నాం. దిగేది పాత ఘాట్ రోడ్డులోనే కదా, 1944లో తెరిచిన దారి. బండి నిండా చుట్టాలు. డీజిల్ కలిసొస్తుందని టాప్ గేర్లో పెట్టి, బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతున్నాను. ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గరికి వచ్చేసరికి కాలిన వాసన. పెడల్ తొక్కితే స్పాంజి తొక్కినట్టు లోపలికి పోయింది. సెకండ్ గేరుకు దించి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ ఎలాగో పక్కకు ఆపాను. వెనక మా అత్తగారు గోవిందా అంటూనే ఉన్నారు. మామూలుగా అంటున్నారో, భయంతోనో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు షెడ్డులో పెద్దాయన బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, "ఇది ఆయిలా సార్, కాఫీ డికాషనా?" అన్నాడు. మార్చి ఎన్నాళ్లయిందంటే నా దగ్గర జవాబు లేదు. తగ్గినప్పుడల్లా పోయడమే తప్ప, మార్చాలన్న సంగతే నాకు తెలియదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగకూడదు. అందులో నీళ్లు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాట్‌లో బ్రేకుల వేడికి లోపల ఆవిరి పుడుతుంది. ఆయిల్ నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది. అందుకే పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది ఇందుకే. గేరు సంగతి మాత్రం ఆయిల్ మీద నెట్టలేను, అది నా తప్పే. దిగేటప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచాలి.

ఆ తర్వాత నుంచి ఆయిల్ నేనే మారుస్తున్నాను. ఇద్దరు కావాలి. మా ఆవిడ లోపల కూర్చుంటుంది, నేను చక్రం దగ్గర. చక్రం వెనక ఆయిల్ బయటికి వదిలే చిన్న నిపుల్ ఉంటుంది. దానికి చేపల తొట్టి పైపు తగిలించి, రెండో కొన సీసాలో ముంచుతాను. "తొక్కు" అంటే తొక్కి పట్టుకోవాలి. నేను నిపుల్ వదులు చేస్తాను, ఆయిల్ వస్తుంది. బిగించాకే "వదులు" అంటాను. ఒకసారి నేను బిగించకముందే ఆవిడ వదిలేసింది, గాలి లోపలికి పోయి మళ్లీ మొదటికొచ్చాం. ఆ పూట ఇంట్లో కాఫీ రాలేదు. ముందు నల్లటిది వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి తేనె రంగు. ఎక్కువ బళ్లలో ఆయిల్ డబ్బాకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. మధ్యలో పైన డబ్బా ఖాళీ అవకుండా చూసుకోవాలి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది. ఇంజన్ ఆయిల్ మాత్రం పొరపాటున కూడా అందులో పోయొద్దు, లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న బండైతే షెడ్డుకే ఇవ్వండి.

సుమో, క్వాలిస్ కాలం బళ్లకు కింద చోటెక్కువ, చెయ్యి దూరుతుంది. అలాగని జాకీని నమ్ముకుని కింద దూరకండి. చదునైన నేల, చక్రాలకు అడ్డంగా రాళ్లు, చాసిస్ కింద స్టాండ్లు, ఇవన్నీ ఉంటేనే.

ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ గురించి ఒక్క మాట. మన బోరు నీళ్లకు గిన్నెల్లో తెల్లగా పేరుకునేదే రేడియేటర్లోనూ పేరుకుంటుంది. కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ కొనండి. డీజిల్ పంపు, ఇంజెక్టర్లు మాత్రం నేను ముట్టుకోను, అవి తెలిసినవాళ్ల పని.

బండిని కింద చెట్టు నీడన పెట్టాను. పొద్దున వచ్చింది, ఈపాటికి చల్లబడి ఉంటుంది. రండి, రేడియేటర్ మూత తీసి చూపిస్తాను.