కుట్టి అతికించే చెక్క పడవ: చెన్నై ఎండలో జిగురు పని

నమస్తే అండి. ఇది పెరంబూరులో మా ఇంటి కింద కారు పెట్టుకునే చోటు. కారు వీధిలోకి వెళ్లింది, ఇక్కడ 8 అడుగుల పడవ లేస్తోంది. కిట్‌లో ప్లైవుడ్ పలకలు కోసే వస్తాయి కనుక కోత గురించి చెప్పను. ఇవాళ కుట్టు, జిగురు. ఈ రెండే.

పలక అంచుకి 1 సెంటీమీటరు లోపలగా, అరడుగుకో బెజ్జం ఉంటుంది. పక్కపక్క పలకల బెజ్జాల్లోంచి రాగి తీగ దూర్చి, బయటివైపు మెలిపెట్టండి. మొదట అన్నీ వదులుగానే ఉండాలి. తర్వాత మధ్య నుంచి చివరలకి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకేచోట గట్టిగా లాగితే అంచు చీలుతుంది.

ఇంగ్లండులో 1960ల్లో మిర్రర్ డింగీ అనే కిట్ పడవతో ఈ పద్ధతి బాగా పేరు తెచ్చుకుంది. కానీ పడవని కుట్టడం ఈ ఊరికి కొత్త కాదండీ. హార్బరు కట్టక ముందు, దూరాన ఆగిన ఓడల నుంచి మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకు చేర్చిన మసూలా పడవలు కొబ్బరిపీచు తాడుతో కుట్టినవే. అల కొడితే ఆ కుట్లు కాస్త ఒదిగేవి. వాటికి బలం కుట్టుదే. మనకి మాత్రం జిగురు గట్టిపడేదాకా పలకల్ని పట్టి ఉంచేదే ఈ తీగ.

జిగురు డబ్బా ఇంకా తెరవకండి. ముందొకటి, వెనకొకటి తిన్నటి కర్రలు పడవకి అడ్డంగా పెట్టి, దూరంగా నిలబడి ఒంటికన్నుతో చూడండి. రెండూ ఒకే వరసలో కనబడాలి. లేదంటే పడవ మెలి తిరిగినట్టే. ఇప్పుడైతే కింద ఓ చెక్కముక్క దోపితే సరిపోతుంది. జిగురు పడ్డాక ఆ మెలి ఇక పోదు. నేను దీనికి ఒక సాయంత్రమంతా పెట్టాను. మీరూ పెట్టండి.

ఇక జిగురు, అంటే ఎపాక్సీ: రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిస్తే గట్టిపడేది. తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, చర్మానికి పడదు. రెసిన్, హార్డెనర్ తూచి, డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపండి. హార్డెనర్ ఎక్కువైతే త్వరగా గట్టిపడదు సరికదా, మెత్తగా ఉండిపోతుంది. మన ఎండలకి తెల్లారి 5 గంటలకే మొదలుపెట్టాలి. ఒక్కసారికి 100 గ్రాములు చాలు. నేను మొదటిసారి మగ్గు నిండా కలిపితే, గట్టిపడేటప్పుడు పుట్టే వేడి లోపలే ఉండిపోయి, పొగలొచ్చి మగ్గే కరిగింది. అందుకే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరుస్తాను.

పలకలు కలిసే లోపలి మూలల్లో పెట్టే జిగురులో సన్నటి రంపపు పొట్టు కలిపి గారెల పిండిలా చేయండి, జారకూడదు. ముందు తీగల మధ్య మాత్రమే పెట్టండి. తీగ మీద పడనివ్వకండి.

మర్నాడు జిగురు మీద మైనంలాంటి పొర చేతికి తగలొచ్చు, గాలిలో తేమ వల్ల. సాండ్‌పేపర్ పడితే ఇంకా పులుముకుంటుంది. మంచినీళ్లతో రుద్ది కడిగి, ఆరాక తీగలు తీయండి. ఇదిగో, ఇది రావట్లేదు. సోల్డరింగ్ ఐరన్ తీగకి ఆనించాను... వేడెక్కనివ్వండి... ఇప్పుడు లాగితే, చూడండి, వచ్చేసింది. ఇక మూలంతా నింపి, దాని మీద ఫైబర్‌గ్లాస్ టేపు వేయొచ్చు.