ఓబర్లిన్: కాలేజీతో పాటు పుట్టిన ఊరు

అందరికీ నమస్కారం. అమెరికాలో డిగ్రీ చదవాలనుకుంటున్న పిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ ఇక్కడ ఉన్నారు. పెద్ద యూనివర్సిటీల గురించి మీరు చాలానే విని ఉంటారు. నేను ఒక చిన్న ప్రైవేటు కాలేజీ గురించి, దాని ఊరి గురించి చెబుతాను. రెంటినీ విడదీసి చెప్పడం కుదరదు.

ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్‌కి నైరుతి దిక్కున ఉంది ఓబర్లిన్. జనాభా 8 వేల పైచిలుకు. విద్యార్థులు సుమారు 3 వేల మంది. జాన్ షిపర్డ్, ఫైలో స్టూవర్ట్ అనే ఇద్దరు 1833లో ఊరినీ కాలేజీనీ కలిపే మొదలుపెట్టారు. 1835లో నల్లజాతి విద్యార్థుల్ని చేర్చుకోవాలని కాలేజీ నిర్ణయించింది. అమెరికాలో ఇంకా బానిసత్వం చట్టబద్ధంగా నడుస్తున్న రోజులవి!

ఆ నిర్ణయం తరగతి గదుల్లోనే ఉండిపోలేదు. 1858లో జాన్ ప్రైస్ అనే అతను బానిసత్వం నుంచి తప్పించుకొని ఓబర్లిన్‌లో ఉంటున్నాడు. పారిపోయిన బానిసల్ని పట్టుకునేవాళ్ళు అతన్ని పట్టుకొని పక్కనున్న వెల్లింగ్టన్ అనే ఊరికి తీసుకుపోయారు. కబురు తెలియగానే దుకాణంవాళ్ళు, విద్యార్థులు, మిగతా ఊరివాళ్ళు వెల్లింగ్టన్ మీదకి కదిలారు. అతన్ని విడిపించి తెచ్చారు. తర్వాతి కాలంలో కాలేజీకి అధ్యక్షుడైన ఫెయిర్‌చైల్డ్ తన ఇంట్లోనే అతన్ని దాచాడు. అక్కణ్ణుంచి కెనడా చేర్చారు. పారిపోయిన బానిసకి సాయం చేయడం అప్పటి చట్టం ప్రకారం నేరం కాబట్టి 37 మంది మీద కేసులు పెట్టారు. ఆ జాబితాలో ఊరివాళ్ళూ ఉన్నారు, కాలేజీవాళ్ళూ ఉన్నారు. నాకు ఓబర్లిన్ మీద ఇంత గౌరవం ఉండడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ఊరి నడిబొడ్డున టాపన్ స్క్వేర్ అనే 13 ఎకరాల పచ్చిక మైదానం ఉంది. స్థలం కాలేజీది, వాడుకునేది అందరూ. 1886లో అల్యూమినియాన్ని చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టిన చార్లెస్ మార్టిన్ హాల్ ఇక్కడి విద్యార్థే. ఆ మైదానంలో భవనాలు ఉండకూడదని వీలునామాలో షరతు పెట్టాడు. సంగీత కళాశాల కచేరీలు చాలావరకు ఉచితం, ఊరివాళ్ళూ వెళ్ళి వింటారు.

మంచి మాటలే చెప్పి పంపిస్తే మీకు అన్యాయం చేసినట్టే. 1885 నుంచి ఉన్న గిబ్సన్స్ బేకరీలో 2016లో ఒక విద్యార్థి దొంగతనం విషయంలో గొడవ జరిగింది. జాతి వివక్ష ఆరోపణలతో విద్యార్థులు నిరసనకు దిగారు. కాలేజీ ఆ నిరసనకి అండగా నిలిచిందంటూ బేకరీవాళ్ళు దాని మీద పరువునష్టం దావా వేసి గెలిచారు. 2022లో కాలేజీ 3.6 కోట్ల డాలర్లకు పైగా కట్టాల్సి వచ్చింది. మహానగరంలోనైతే ఒక దుకాణంతో పేచీ వస్తే పక్క వీధికి పోవచ్చు. ఇక్కడ మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే వీధిలో ఎదురుపడాలి.

అందుకే మీరు ఏ చిన్న కాలేజీని చూడ్డానికి వెళ్ళినా, వాళ్ళు క్యాంపస్ తిప్పి చూపించాక వెంటనే బయల్దేరకండి. ఒక పూట ఊళ్ళో గడపండి. దుకాణాల్లో, గ్రంథాలయంలో కనిపించినవాళ్ళని విద్యార్థులు ఎలా ఉంటారని అడగండి. సెలవుల్లో ఏవి తెరిచి ఉంటాయో, కారు లేకుండా ఆసుపత్రికి ఎలా వెళ్ళాలో కూడా వాళ్ళనే అడగండి.