తేనెటీగల బంక

శ్రోతలకు నమస్కారం.

పలాస దగ్గర మా జీడితోటలో నాలుగు తేనెటీగల పెట్టెలున్నాయి. తోటంతా పూత మీద ఉన్న రోజుల్లో ఒక పెట్టె తెరవబోతే మూత కదల్లేదు. సందులో ఇనుప బద్ద దూర్చి ఎత్తితే టప్పుమని ఊడింది. అంచు పొడవునా ముదురు గోధుమ రంగు బంక. సాంబ్రాణి, మైనం కలిసినట్టు కమ్మని వాసన. వేలికి అంటుకుంటే సబ్బుకు లొంగలేదు, కొబ్బరినూనె రాసి తుడవాల్సి వచ్చింది. పెట్టె అడుగున ఒక బల్లి చచ్చి పడి ఉంది. దాని ఒంటి మీద, తోక చివరి దాకా అదే బంక పూసి ఉంది. కుళ్లలేదు, వాసన కొట్టలేదు. మోసి బయట పారేయలేని కళేబరాన్ని తేనెటీగలు ఇలాగే కప్పేస్తాయి.

ఈ బంకనే ప్రొపోలిస్ అంటారు. గ్రీకులో ప్రో అంటే ముందు, పోలిస్ అంటే నగరం. తేనెపట్టు వాకిలిని ఇరుకు చేయడానికి, పగుళ్లు పూడ్చడానికి తేనెటీగలు దీన్ని వాడతాయి. చెట్ల మొగ్గల మీద, బెరడు మీద ఊరే జిగురును ఎండకు మెత్తబడ్డాక గిల్లి, వెనక కాళ్లకు అంటించుకుని వస్తాయి. అది ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, పట్టులో ఉన్న మరో ఈగ లాగితే గాని ఊడదు. దానికి మైనం కలిపి మెదుపుతాయి. సుమారు సగం జిగురు, 30 శాతం మైనం, మిగిలినది సుగంధ తైలాలు, పుప్పొడి. మన దేశవాళీ పెట్టె తేనెటీగ దీని జోలికి పోదు. మా పెట్టెల్లో ఉన్న ఇటాలియన్ జాతి ఈగకు మాత్రం ఇది లేనిదే ఇల్లు లేదు.

చెట్టు తన గాయానికి తాను రాసుకునే మందు ఆ జిగురు. అందుకే సూక్ష్మజీవులను, బూజును అణచే గుణం ప్రొపోలిస్‌కు ఉంది. నోరు పుక్కిలించే ద్రావణాల్లో, టూత్‌పేస్టుల్లో, పెదవి మీద వచ్చే హెర్పిస్ పొక్కులకు రాసే లేపనాల్లో దీన్ని వాడుతున్నారు. వీటిలో కొంత ఫలితం కనిపించిందని చిన్న చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. పైపూతగా దీనికి విలువ ఉందని నేనూ నమ్ముతాను.

అయితే పడనివారికి పైపూత కూడా పొక్కిస్తుంది. మామిడి సొన పెదవికి తగిలితే ఏమవుతుందో మనకు తెలుసు. ఆగ్నేయాసియాలో దొరికే కొన్ని ప్రొపోలిస్‌లలో మామిడి జిగురులోని పదార్థాలే బయటపడ్డాయి. చెట్టు మారితే బంక మారుతుంది. బ్రెజిల్ సీసాలో ఉన్నదీ, మన పెట్టె మూతకు పట్టినదీ ఒకటి కావు. ముందు మోచేతి లోపలివైపు చుక్కంత రాసి, ఒకటి రెండు రోజులు ఆగి చూడండి. ఆస్తమా ఉన్నవారు, తేనెటీగల ఉత్పత్తులు పడనివారు దూరంగా ఉండడమే మేలు.

ఇక నన్ను ఈ మైకు ముందుకు తెచ్చిన మాట చెబుతాను. మొన్న ఉద్దానం నుంచి మా పిన్ని ఫోను చేసింది. "బాబూ, ఆ బంక చుక్కలు నీళ్లలో వేసుకుని తాగితే కిడ్నీలు బాగుపడతాయట, నిజమేనా?" అని అడిగింది. నా గుండె జారిపోయింది. పిన్నీ, అలా బాగుపడతాయనడానికి ఆధారం లేదు. పైగా తైవాన్‌లో ప్రొపోలిస్ తీసుకున్న ఒక రోగికి కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిని డయాలిసిస్ చేయాల్సి వచ్చిందనీ, మానేశాక తేరుకున్నాడనీ 2005లో వైద్యులు ఒక వైద్య పత్రికలో రాశారు. ఒక్కరి అనుభవమే కావచ్చు. కానీ ఇంటింటా కిడ్నీ రోగి ఉన్న మన ఊళ్లలో ఆ ఒక్కటీ నాకు చిన్న విషయంగా కనిపించడం లేదు. ఇంకొక సంగతి, ఈ బంక నీళ్లలో సరిగా కరగదు కాబట్టి చాలా చుక్కల మందులను ఆల్కహాల్‌లో తయారుచేస్తారు.

మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే తాగుతుంటే ఈ రోజే ఆపండి. ఈసారి కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ సీసాను కూడా సంచిలో పెట్టుకుని వెళ్లి డాక్టరుకు చూపించండి.

నమస్కారం.