లోపలి ప్యాడ్ ఎవరు చూశారు?

అన్న: రికార్డ్ అవుతోంది కదా? సరే. అందరికీ నమస్తే. వానలు పట్టుకున్నాయి కాబట్టి ఈసారి బురద టాపిక్ అని పోయిన ఎపిసోడ్‌లోనే చెప్పాం. బురదలో, నీళ్ళలో తిరిగొచ్చిన ఫోర్ బై ఫోర్ బండికి బ్రేకులు ఎలా చూసుకోవాలి, ఏ చప్పుడుకు భయపడాలి, దేనికి అక్కర్లేదు. ముందు బండి కడగడం దగ్గర...

చెల్లె: అన్నా, ముందు శంకర్‌పల్లి నుంచి వచ్చిన వాయిస్ మెసేజ్.

అన్న: ఆ, చెప్పు.

చెల్లె: రాత్రంతా వానలో నిలబడ్డ బండి పొద్దున తీస్తే గరగరమంటోందట. నాలుగైదు సార్లు బ్రేక్ కొట్టాక ఏమీ ఉండట్లేదట. షెడ్డులో మాత్రం ప్యాడ్లు అయిపోయాయి, మార్చెయ్యాలి అన్నారట.

అన్న: అది తుప్పు. డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్ళెం, బ్రేక్ తొక్కితే దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కేవే ప్యాడ్లు. తడి తగిలిందంటే తెల్లారేసరికి పైన సన్నటి పొర కడుతుంది, ప్యాడ్ నాలుగుసార్లు రుద్దితే పోతుంది. అంతమాత్రానికి ప్యాడ్లు మార్చక్కర్లేదు. అలాగని చప్పుడు లేదు కాబట్టి ప్యాడ్ బాగుందనీ అనుకోవద్దు.

చెల్లె: అదీ! నేను ఈ నెలంతా మొత్తుకుంటున్నది అదే.

అన్న: వచ్చేసింది శ్రీశైలం. గ్రూపులో ఉన్నవాళ్ళకి తెలుసు, మిగతావాళ్ళ కోసం చెప్పు.

చెల్లె: అమ్మను తీసుకుని శ్రీశైలం బయల్దేరే ముందు ఒక షెడ్డుకు వెళ్ళాను. ముందు ఎడమ చక్రం దగ్గర సన్నగా కీచుమంటోంది, కొంచెం చూడండి అన్నాను. చక్రం విప్పలేదు. రిమ్ము కంతల్లోంచి టార్చి వేసి చూసి, "ప్యాడ్ సగం ఉంది మేడమ్, డస్టు సౌండు" అన్నాడు. కంప్రెసర్ గాలి కొట్టి పంపేశాడు. మన్ననూర్ దాకా బాగానే ఉంది. ఈగలపెంట దాటి పాతాళగంగ వంతెన వైపు దిగుతుంటే గీరుడు మొదలైంది. ఇనుము మీద ఇనుము, సందేహమే లేదు.

అన్న: ఏ గేరులో దిగావు?

చెల్లె: సెకండ్‌లో అన్నా. నీకు తెలుసు నేను సెకండ్‌లోనే దిగుతానని.

అన్న: తెలుసు. వినేవాళ్ళ కోసం అడిగాను.

చెల్లె: తిరిగొచ్చాక వేరే చోట విప్పించాను. బయటి ప్యాడ్ నిజంగానే సగం ఉంది. లోపలి ప్యాడ్ మాత్రం వెనక రేకు దాకా అరిగిపోయింది. డిస్క్ లోపలి వైపు గాడులు పడ్డాయి. అమ్మ పక్కనే కూర్చుని ఉందన్నా. ఆ టార్చి వేసిన మనిషికి లోపలి వైపు ఇంకో ప్యాడ్ ఉంటుందని తెలియదా?

అన్న: తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? అతను చూసినంత వరకు చెప్పింది నిజమే కదా.

చెల్లె: చూసినంత వరకు అంటే ఏంటన్నా! బయటి ప్యాడ్ చూసి బ్రేక్ బాగుందంటే ఎట్లా?

అన్న: ఆగు, ముందు అది ఎందుకు అట్లా అరుగుతుందో చెప్పనీ, తర్వాత కొట్లాడుదువు. మన బండ్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాల క్యాలిపర్, అంటే ప్యాడ్లను పట్టుకుని నొక్కే భాగం, జరిగే రకం. పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. బ్రేక్ తొక్కగానే పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్క్ మీదికి తోస్తుంది. ఆ ఒత్తిడికే క్యాలిపర్ మొత్తం లోపలికి జరిగి, బయటి ప్యాడ్‌ను లాక్కొచ్చి అవతలి వైపు నొక్కుతుంది. ఆ జరగడమంతా రెండు పిన్నుల మీదే, పట్టాల మీద సొరుగు జరిగినట్టు. పిన్నులు ఎండిపోయాయా, బురద చేరి పట్టేశాయా, ఇక క్యాలిపర్ జరగదు. పనంతా లోపలి ప్యాడే చేస్తుంది. రెండిట్లో ఒక్క పిన్నే పట్టేస్తే ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది, ఒక కొస మందంగా, ఒక కొస పల్చగా. అట్లాంటి ప్యాడ్ చేతిలోకి వస్తే కొత్తది బిగించే ముందు పిన్ను సంగతి చూడాలి. చూడకపోతే కొత్తదీ అట్లాగే పోతుంది.

చెల్లె: మరి కీచుమనే రేకు? అరిగాక డిస్క్‌కు తగిలి అరవాలి కదా?

అన్న: ఆ రేకు ప్రతి ప్యాడ్‌కూ ఉండదు. కొన్నిట్లో లోపలి దానికే, కొన్నిట్లో బయటి దానికే, కొన్న ప్యాడ్ చవకదైతే అసలు ఉండకపోవచ్చు. ఉన్నచోట రెండు మూడు మిల్లీమీటర్లు మిగిలాక తగులుతుంది. కొత్త ప్యాడ్ మీద పది, పన్నెండు మిల్లీమీటర్ల మెటీరియల్ ఉంటుంది. మూడుకు వచ్చిందంటే మార్చుకోవడమే. దాంట్లో బేరం లేదు.

చెల్లె: నా బండి ముందు నుంచీ చెప్తూనే ఉంది కదన్నా. కీచుమంది. నేను విన్నాను. తీసుకెళ్ళి చూపించాను. డస్టు అన్నారు.

అన్న: డస్టుతో కూడా కీచుమంటుంది, అది అబద్ధం కాదు. బ్రేక్ కీచు అంటే ప్యాడూ డిస్కూ కలిసి వణకడమే. ఆ వణుకును అణచడానికే ప్యాడ్ వీపున షిమ్ అని పల్చటి రేకు ముక్క పెడతారు. ప్యాడ్ వేడెక్కి పైన గాజులా మెరిసినా కీచే. షిమ్ తీసి పారేసి బిగించినా కీచే.

చెల్లె: తీసి పారేస్తారా?

అన్న: చాలా చోట్ల. కొత్త ప్యాడ్ మందంగా ఉంటుంది, క్యాలిపర్ ఎక్కట్లేదని పాత షిమ్ పక్కన పడేస్తారు. నిజానికి పిస్టన్‌ను పూర్తిగా వెనక్కి నొక్కితే ఎక్కుతుంది.

చెల్లె: ఇంతా చెప్పి మళ్ళీ ఆయన్నే వెనకేసుకొస్తున్నావు.

అన్న: వెనకేసుకు రావట్లేదు, చెల్లె. ఆ షెడ్డుకు వచ్చేవాళ్ళు ఎట్లా వస్తారో చూశావా? ప్యాడ్లు ఆన్‌లైన్‌లో కొని కవర్‌లో పట్టుకొస్తారు. బిగించడానికి ఎంత అని బేరం. పిన్నులు తీసి కడిగి, సిలికాన్ గ్రీజు పెట్టి, చిరిగిన రబ్బరు బూట్లు మార్చాలంటే ఇంకో గంట పని. దానికి డబ్బులు అడిగితే పక్క షెడ్డుకు పోతారు. అతను గంట సేపు చేసిన పని ఎవరికీ కనపడదు.

చెల్లె: నేను బేరమాడలేదు. ప్యాడ్లు తీసుకెళ్ళలేదు. చూడమన్నాను. విప్పి చూడ్డానికి ఇంత అవుతుంది మేడమ్ అంటే ఇచ్చేదాన్ని. ఆ మాట ఎందుకు అనలేదు?

అన్న: ...

చెల్లె: చెప్పన్నా. ఆడమనిషి బండి తెస్తే టార్చి వేసి పంపేయొచ్చనేగా? నువ్వు వెళ్తే అట్లా చేసేవాళ్ళా?

అన్న: నేను వెళ్తే విప్పేవాళ్ళు. అవును. ఆ మాట నిజం.

చెల్లె: అంతే. ఇంకేం లేదు.

అన్న: లేదు, ఉంది. విప్పకుండా "బాగుంది" అనకూడదు. ఎంత పని ఒత్తిడి ఉన్నా సరే. విప్పలేదు, విప్పితే గానీ చెప్పలేను అనాలి. రాణిగంజ్‌లో నేను ప్యాడ్లు కొనే కొట్టు పక్కన ఒక పెద్దాయన ఉంటారు. పాత ప్యాడ్లు నాలుగూ బండి ఓనర్ చేతిలో పెట్టి, ఏది ఏ వైపుదో చెప్పి, అప్పుడే కొత్తవి ఎక్కిస్తారు. వినేవాళ్ళు కూడా అదే అడగండి. పాత ప్యాడ్లు నాలుగూ నా చేతికి ఇవ్వండి, లోపలివి ఏవి, బయటివి ఏవి చూపించండి అని. చూసినందుకు విడిగా డబ్బులివ్వండి. ప్యాడ్ అమ్మితేనే అతనికి రూపాయి మిగిలేట్టు ఉంటే, అతను ప్యాడే అమ్ముతాడు.

చెల్లె: ఇది మొదటే అనుంటే నేను ఇంత అరిచేదాన్ని కాదు.

అన్న: నువ్వు అరిచావు కాబట్టే అన్నాను. ఇంకో మాట, ఆ కంప్రెసర్ గాలి. బ్రేక్ దుమ్మును గాలితో ఊదకూడదు. ఆ దుమ్మంతా ముందు పీల్చేది ఊదేవాడే. బ్రేక్ క్లీనర్ కొట్టాలి, తడి గుడ్డతో తుడవాలి. ఆ షెడ్డుల్లో పిల్లలు మూతికి గుడ్డ కూడా కట్టుకోరు, చూస్తే బాధేస్తుంది.

చెల్లె: గ్రీజు సంగతి కూడా చెప్పెయ్. నీలం డబ్బా.

అన్న: [నవ్వు] నీలం డబ్బా జోలికి పోవద్దు. బేరింగులకు రాసే మామూలు గ్రీజు పిన్నులకు రాస్తే లోపలి రబ్బరు ఉబ్బి పిన్నును పట్టేస్తుంది. సిలికాన్ గ్రీజే రాయాలి, అదీ పల్చగా. ప్యాడ్ ముఖానికి ఏ గ్రీజూ తగలకూడదు.

చెల్లె: నా డిస్కులు నున్నగా చెక్కించడానికి లేత్‌కు పంపమన్నారు. పంపలేదు, మార్పించేశాను. నువ్వేమో లేత్ పట్టిస్తే సరిపోయేది అన్నావు.

అన్న: గాడి ఎంత లోతో చూడకుండా నేను అట్లా అనను. డిస్క్ మీద మినిమమ్ మందం అచ్చు వేసి ఉంటుంది. లేత్ పట్టాక దానికంటే పైనే ఉంటుందంటే పట్టించొచ్చు, లేదంటే మార్చాలి. ప్యాడ్ మార్చిన ప్రతిసారీ లేత్ పట్టించే అలవాటు మాత్రం మంచిది కాదు. నున్నగా ఉండి, బ్రేక్ కొడితే పెడల్ అదరట్లేదంటే వదిలేయాలి. డిస్క్ పల్చబడేకొద్దీ వేడి తట్టుకోదు.

చెల్లె: మాకు ఆ వేడే ఎక్కువ కదా. చిన్న కారుకు రెట్టింపు బరువు మోస్తున్నాం.

అన్న: బరువు రెట్టింపైతే ఆపడానికి పుట్టే వేడి రెట్టింపు. వేగం రెట్టింపైతే నాలుగింతలు. ఔటర్ మీద నూరులో పోతూ బ్రేక్ కొడితే, యాభైలో కొట్టినదానికి నాలుగింతల వేడి ఆ చిన్న ప్యాడ్లే మింగాలి. పైగా మనవాళ్ళు పెద్ద టైర్లు వేయిస్తారు. చక్రం పెద్దదయ్యేకొద్దీ దాన్ని ఆపడం కష్టం, బ్రేక్ మాత్రం కంపెనీ ఇచ్చినదే. అందుకే గేరు, గేరు అని మొత్తుకుంటాను. ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగేవాళ్ళను చూస్తే నాకు ప్రాణం పోతుంది. ఎక్కిన గేరులోనే దిగాలి, అప్పుడు బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది.

చెల్లె: దిగుడులో బండి వేగాన్ని తనే పట్టి ఉంచే హిల్ డిసెంట్ బటన్ నొక్కి దిగితే?

అన్న: అది ఇంజన్ కాదు, బ్రేకే! ఏబీఎస్ పంపు నీ బదులు బ్రేక్ తొక్కుతుంది. బురద దిగుడులో ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలకూ బలం వెళ్ళే నెమ్మది గేరు, దాంట్లో ఫస్ట్ గేరు, కాలు ఏ పెడల్ మీదా వద్దు. నాలుగు చక్రాలనూ ఇంజనే పట్టుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ లో వెయ్యొద్దు, ఫోర్ బై ఫోర్‌ను అవసరానికి మాత్రమే వేసుకునే పార్ట్ టైమ్ బండ్లలో గేర్లన్నీ బిగుసుకుంటాయి. కొందరు ఆ టకటక విని బ్రేకు చప్పుడు అనుకుంటారు.

చెల్లె: నాకు తర్వాత తెలిసిందేంటంటే, కాలు బ్రేక్ మీద పెట్టకపోయినా ప్యాడ్ అరుగుతుంది. థార్‌లో, జిమ్నీలో ఒక చక్రం గాల్లో తిరుగుతుంటే, ఎలక్ట్రానిక్స్ ఆ చక్రాన్ని బ్రేక్‌తో పట్టి రెండో దానికి బలం పంపిస్తుంది. వికారాబాద్ బురదలో ఒక పూట ఆడామంటే నేను తొక్కని బ్రేకులు ఎన్నిసార్లు పడ్డాయో! ఆఫ్‌రోడ్ నుంచి వచ్చాక ప్యాడ్ చూడాలని ఎవరూ చెప్పరు.

అన్న: మంచి మాట. కిలోమీటర్లు చూసి ప్యాడ్ మార్చే లెక్క మనకు పనికిరాదు. మెహదీపట్నం సిగ్నళ్ళలో రోజూ ఆగి ఆగి పోయే బండీ, ఔటర్ మీద తిరిగే బండీ ఒకేలా అరగవు.

చెల్లె: అన్నా, బురద టాపిక్.

అన్న: అయ్యో, అవును. గబగబా చెప్పేస్తాను. బురదలోంచి రాగానే చక్రాల లోపలి వైపు నీళ్ళు కొట్టండి, కానీ వేడి డిస్క్ మీద చన్నీళ్ళు వద్దు, చల్లారనివ్వండి. డిస్క్ వెనక పల్చటి రేకు ఉంటుంది, దానికీ డిస్క్‌కీ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే చెవులు పగిలేలా కీచుమంటుంది. చక్రం తిరిగినంతసేపూ మోగుతుంది, బ్రేక్ కొట్టినా కొట్టకపోయినా. కాస్త ముందుకూ వెనక్కూ నడిపితే చాలాసార్లు రాలిపోతుంది. వెనక డ్రమ్ములున్న బండ్లలో బురద లోపలే నిలిచి షూలను తినేస్తుంది, విప్పి కడిగించాలి. నీళ్ళలోంచి బయటికి రాగానే బ్రేక్ మెల్లగా నొక్కుతూ కొంత దూరం నడిపి ఆరబెట్టండి.

చెల్లె: ప్యాడ్ ఏ రకం కొనాలని కూడా అడిగారు.

అన్న: సెమీ మెటాలిక్ వేడి తట్టుకుంటుంది, కాస్త చప్పుడు చేస్తుంది, డిస్క్‌నూ ఎక్కువ తింటుంది. ఆర్గానిక్ మెత్తన, నిశ్శబ్దం, తొందరగా అరుగుతుంది. సెరామిక్ ఖరీదు. ఘాట్లు, బరువు ఉంటే నేనైతే సెమీ మెటాలిక్. ఏది వేసినా మొదటి కొన్ని కిలోమీటర్లు అరవైలోంచి పదిహేనుకు మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ అణగనివ్వాలి. కొత్త ప్యాడ్‌తో మొదటి రోజే సడన్ బ్రేక్ పెట్టొద్దు, ఎదురుగా మనిషి వస్తే తప్ప.

చెల్లె: బ్రేక్ ఆయిల్ ఒకటి మిగిలింది. లెవెల్ తగ్గిందని పోయించుకుంటారు చూడు.

అన్న: అది పోయించొద్దు! ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికొస్తుంది, ఆయిల్ కిందికి దిగుతుంది. ఎక్కడా కారట్లేదంటే అది ప్యాడ్ అరిగిందని చెప్పే గుర్తు. పోయించుకుంటే ఆ గుర్తు పోతుంది. కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్ వెనక్కి నొక్కినప్పుడు ఆయిల్ పొంగి పెయింటు మీద పడుతుంది, పెయింటు లేచిపోతుంది. రెండేళ్ళకోసారి మాత్రం మొత్తం మార్పించాలి, అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ ఫోర్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరితే 155 దగ్గరే మరిగిపోవచ్చు. అప్పుడు ఘాట్‌లో పెడల్ కిందిదాకా పోతుంది, బ్రేక్ పడదు, అందుకే గేరు...

చెల్లె: సెకండ్ గేరు, విన్నాం. అన్నా, కింద ఎవరో హారన్ కొడుతున్నారు, నీ బండే అడ్డం ఉన్నట్టుంది.

అన్న: గేటు ముందా? ఉండు, తాళాలు ఎక్కడ పెట్టాను... ఆ, ఆపెయ్, నేను తీసొస్తాను.