ఆఫీసులో ఒక మూల నిలబడిన కెమెరా

[తెర మీద: బల్లలు, ఫైళ్లు, ట్యూబ్‌లైట్ల తెల్లని వెలుగు. ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు.]

ఇద్దరు ఉద్యోగులు ఏదో చిన్న విషయానికి వాదులాడుకుంటుంటారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న జిమ్ ఒక్క మాట కూడా అనడు. మెల్లగా తల తిప్పి నేరుగా మన కళ్లలోకి చూస్తాడు. మనకు నవ్వు ఆగదు.

వేరే సీరియల్లో నటుడు ఇలా కెమెరా వంక చూస్తే ఆ టేకు పనికిరాదు. ‘ది ఆఫీస్’ అనే అమెరికన్ హాస్య సిరీస్‌కు మాత్రం ఆ చూపే ప్రాణం. నటుల గురించి చాలామంది చెప్పారు. ఆ చూపును అందుకున్న కెమెరా గురించి నేను చెబుతాను.

ముందుగా కొంత పూర్వకథ. 2001లో రికీ జర్వేస్, స్టీఫెన్ మర్చంట్ బీబీసీకి చేసిన సిరీస్‌ను గ్రెగ్ డేనియల్స్ అమెరికాకు తగినట్టు మలిచారు. ఈ అమెరికన్ సిరీస్ అక్కడి ఎన్‌బీసీ చానల్లో 2005 మార్చి 24న మొదలై 2013 మే 16న ముగిసింది. తొమ్మిది సీజన్లు, 201 ఎపిసోడ్లు. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ ఊళ్లో కాగితం అమ్మే కంపెనీకి ఒక శాఖ ఉంటుంది. దాని మేనేజరు మైఖేల్ స్కాట్‌గా నటించింది స్టీవ్ కారెల్. ఆ శాఖ మీద ఒక బృందం డాక్యుమెంటరీ తీస్తోందని కథలో కల్పన.

షూటింగ్ జరిగింది మాత్రం దేశానికి అవతలి అంచున, లాస్ ఏంజెలెస్‌లో. మొదటి సీజన్ ఆరు ఎపిసోడ్లూ నిజమైన ఆఫీసు భవనంలోనే తీశారు. తర్వాత పనోరమా సిటీలోని స్టూడియోలో సెట్టు వేశారు. టైటిల్స్‌లో కనిపించే స్క్రాంటన్ వీధులను జిమ్ పాత్రధారి జాన్ క్రసిన్‌స్కీ స్వయంగా ఆ ఊరికి వెళ్లి చిత్రీకరించి తెచ్చారు.

[తెర మీద: కిటికీ పరదాల సందులోంచి కనిపించే గది. లోపల ఇద్దరు గుసగుసలాడుకుంటున్నారు.]

ఇక అసలు విషయం. ఈ సిరీస్‌కు చాలా కాలం కెమెరా పట్టిన రాండల్ ఐన్‌హార్న్ అంతకుముందు ‘సర్వైవర్’ అనే రియాలిటీ షోకు పనిచేశారు. తర్వాత ఏం జరుగుతుందో తెలియని చోట కెమెరా ఎలా పట్టుకోవాలో ఆయనకు అక్కడే అలవడింది. ఇక్కడా కెమెరాకు కథ ముందుగా తెలియదన్నట్టే ఉంటుంది. ఎవరైనా అరిస్తే అటు తిరగడానికి అర క్షణం ఆలస్యమవుతుంది. ఇద్దరు రహస్యం మాట్లాడుకుంటుంటే దగ్గరికి పోదు, తలుపు పక్కనో మొక్క చాటునో నిలబడి తొంగి చూస్తుంది. చాడీలు వినే సహోద్యోగి కూడా అలాగే నిలబడతాడు కదా! వెనుక నుంచి నవ్వుల శబ్దం వినిపించదు కాబట్టి ఎక్కడ నవ్వాలో మనకు చెప్పేది కూడా ఈ కెమెరా చూపే.

దీనివల్ల నటులకు పెద్ద కష్టమే వచ్చింది. కెమెరా ఎటైనా తిరగవచ్చు కాబట్టి, ఆ సన్నివేశంలో ఒక్క మాట లేనివాళ్లు కూడా గంటల తరబడి తమ బల్లల దగ్గరే కూర్చోవాలి. అందుకని వాళ్ల ముందున్న కంప్యూటర్లకు నిజంగానే ఇంటర్నెట్ ఇచ్చారు. వెనుక ఎవరో తలవంచుకుని శ్రద్ధగా టైపు చేస్తున్నట్టు కనిపిస్తే, వాళ్లు సొంత ఈమెయిల్ రాసుకుంటూ ఉండవచ్చు. ఆఫీసు నిజంగా ఆఫీసులా అనిపించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఏముంటుంది?

ఫిలిస్ స్మిత్ సంగతి నాకు ఎంతో ఇష్టం. ఆమె నటిగా రాలేదు. నటుల ఎంపిక విభాగంలో పనిచేస్తూ, పరీక్షకు వచ్చినవాళ్లకు ఎదుటి పాత్ర డైలాగులు చదివి వినిపించేవారు. ఆ చదవడం చూసిన మొదటి ఎపిసోడ్ దర్శకుడు కెన్ క్వాపిస్‌కు ఆఫీసులో ఇలాంటి మనిషే ఉండాలనిపించింది. పాత్రకు కూడా ఫిలిస్ అనే పేరే పెట్టారు.

రచయితలూ తెర మీదికి వచ్చారు. మిండీ కేలింగ్, బి.జె. నోవాక్, పాల్ లీబర్‌స్టీన్ ఒకవైపు రాస్తూ మరోవైపు నటించారు. మిండీ తల్లిదండ్రులు భారతీయ మూలాలున్నవాళ్లు. 2006 నవంబరులో వచ్చిన దీపావళి ఎపిసోడ్ ఆమే రాశారు. అందులో ఆమె పాత్ర కెల్లీకి అమ్మానాన్నలుగా కనిపించేది ఆమె సొంత అమ్మానాన్నలే. అమెరికాలో హాలు అద్దెకు తీసుకుని దీపావళి జరుపుకునే తెలుగు కుటుంబాలకు ఆ సందడి కొత్తేమీ కాదు.

[తెర మీద: వాన. రోడ్డుకు అవతల పెట్రోలు బంకు. మధ్యలో కార్లు దూసుకుపోతున్నాయి.]

2008లో, అయిదో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, జిమ్ రోడ్డు పక్కన పెట్రోలు బంకు దగ్గర తన సహోద్యోగి పామ్‌ను పెళ్లి చేసుకుంటావా అని అడుగుతాడు. తెర మీద అది నిమిషం కూడా ఉండదు. దానికోసం ఒక దుకాణం కారు పార్కింగ్ స్థలంలో బంకు సెట్టు వేశారు, చుట్టూ కార్లు తిప్పారు, వాన కురిపించారు. దాదాపు రెండున్నర లక్షల డాలర్లు ఖర్చయిందని చెబుతారు. అంత డబ్బు పోసి కెమెరాను ఎక్కడ నిలబెట్టారో చూడండి. రోడ్డుకు ఇవతల, కార్ల రాకపోకల వెనుక! నాలుగు సీజన్లుగా మనం ఎదురుచూసిన ఘట్టంలో వాళ్ల ముఖాలు దగ్గరగా చూపించలేదు. ఆ సమయంలో మూడో మనిషి ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలో ఉంచారు. ఈ సిరీస్ తీసినవాళ్ల మర్యాద నాకు అక్కడే కనిపించింది.

చివరి సీజన్‌లో ఆ డాక్యుమెంటరీ బృందాన్నే తెర మీదికి తెచ్చి, మైకు పట్టుకునే మనిషికి పేరూ కథా ఇచ్చారు. అది నాకు నచ్చలేదు. ఎనిమిదేళ్లు మన తరఫున చూసిన కళ్లకు వేరే ముఖం అతికించినట్టయింది.

[తెర మీద: విమానాశ్రయం. శబ్దం లేదు.]

2011లో స్టీవ్ కారెల్ సిరీస్ నుంచి తప్పుకున్నారు. విమానాశ్రయంలో మైఖేల్ చొక్కాకు ఉన్న మైకు తీసి బృందానికి ఇచ్చేస్తాడు. ఆ తర్వాత ఏమన్నాడో మనకు వినపడదు. అంతలో పామ్ పరుగున వచ్చి అతన్ని హత్తుకుంటుంది. కెమెరా దూరంగానే ఉండిపోతుంది. ఆమె ఏదో చెబుతుంది, అతను వింటాడు. పామ్ పాత్రధారి జెన్నా ఫిషర్ ఆ విషయం తర్వాత బయటపెట్టారు. మైకు లేదు కాబట్టి ఆ కాసేపూ ఆమె మాట్లాడింది మైఖేల్‌తో కాదు, స్టీవ్‌తో.