విదేశం నుంచి రెస్క్యూ కుక్క వస్తోందా? టీకాల తేదీలు, రక్తపరీక్షలు ఇలా సరిచూసుకోండి

అందరికీ నమస్తే. వేరే దేశంలోని షెల్టర్ నుంచి కుక్కను దత్తత తీసుకోబోతున్నవాళ్ల కోసం ఈ వీడియో. ఫోటో చూడగానే మనసు అటే వెళ్లిపోయి ఉంటుంది, షెల్టర్ వాళ్లు కూడా "టీకాలన్నీ అయిపోయాయి, పాస్‌పోర్ట్ రెడీ" అని మెసేజ్ పెట్టి ఉంటారు. వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఆ పాస్‌పోర్ట్ చెప్పేది కుక్క సరిహద్దు దాటొచ్చా లేదా అన్నది మాత్రమే, దాని ఒంట్లో ఏముందో అందులో ఉండదు. అందుకే కాగితాలు ఒక పని, ఆరోగ్యం ఇంకో పని అనుకుని రెండూ విడివిడిగా అడగండి.

ముందు కాగితాలు చూద్దాం. స్క్రీన్ మీద ఉన్నది యూరోపియన్ యూనియన్ ఇచ్చే పెట్ పాస్‌పోర్ట్, నీలం అట్టది. ఇందులో మూడు తేదీలు వెతకండి: మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) పెట్టింది ఎప్పుడు, రేబిస్ టీకా వేసింది ఎప్పుడు, ఆ టీకా చెల్లుబాటు మొదలయ్యేది ఎప్పుడు. చిప్ ముందు పెట్టి ఉండాలి, లేదా కనీసం అదే రోజు టీకా కంటే ముందు పెట్టాలి. చిప్ లేని కుక్కకు టీకా వేస్తే అది ఈ కుక్కకే వేశారని రుజువు ఉండదు కాబట్టి ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ వేయించాల్సిందే. టీకా వేసే రోజుకు కుక్కకు 12 వారాలు నిండి ఉండాలి, మొదటి టీకా అయితే ఆ తర్వాత ఇంకో 21 రోజులు ఆగాలి, ఎందుకంటే ఒంట్లో రక్షణ తయారవడానికి ఆ టైమ్ కావాలి. రెండూ కలిపితే 15 వారాలు. అంతకంటే చిన్న కుక్కపిల్లను పంపిస్తామంటే పుట్టిన తేదీ గురించి గట్టిగా అడగండి.

రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల నుంచి యూరప్‌కు వచ్చే కుక్కకు ఇది కూడా చాలదు. టీకా వేసిన కనీసం 30 రోజుల తర్వాత రక్తం తీసి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో యాంటీబాడీలు (టీకా వల్ల రక్తంలో తయారైన రక్షణ) చూడాలి, మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) లేదా అంతకంటే ఎక్కువ రావాలి, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. నాలుగు నెలల పని ఇది. "ఇవాళ టీకా వేశాం, వచ్చే నెల ఫ్లైట్" అన్నారంటే అక్కడే ఆగండి.

మీరు ఉండే దేశం రూల్ కూడా ముందే చూసుకోవాలి. అమెరికాలో 2024 ఆగస్టు నుంచి కుక్కకు కనీసం ఆరు నెలల వయసు, చిప్, దిగుమతి ఫారం ఉండాలి, రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచి అయితే ఇంకా కఠినం. కెనడా అయితే 2022 సెప్టెంబరు నుంచి అలాంటి దేశాల కుక్కలను దత్తత కోసం తేవడాన్నే ఆపేసింది, ఎన్ని టీకాలు వేయించినా రానివ్వరు. బ్రిటన్, ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వేలకు వెళ్లే కుక్కకు బద్దెపురుగు మందు కూడా కావాలి: దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు వెట్ (పశువుల డాక్టర్) ఇచ్చి, టైమ్‌తో సహా రాసి ఉండాలి. ఆ పురుగు కుక్కలో పైకి ఏమీ చూపించదు కానీ మనిషికి సోకితే ఏళ్ల తర్వాత కాలేయంలో బయటపడుతుంది, అందుకే అంత పట్టుదల.

డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ టీకాలను సరిహద్దులో ఎక్కువగా అడగరు. షెల్టర్లలో కుక్కపిల్లల్ని చంపేసేవి మాత్రం ఈ జబ్బులే. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు కాబట్టి చివరి డోసు 16 వారాల వయసులో గానీ ఆ తర్వాత గానీ పడిందా అని చూడండి. ఎనిమిది వారాలకే ఆపేసి ఉంటే పూర్తయినట్టు కాదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయం. టీకాలతో ఆగని జబ్బులు కొన్ని ఉన్నాయి, పైగా నెలల తరబడి పైకి కనిపించవు. మధ్యధరా తీరంలో ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే లీష్మేనియా ఒకటి. దానికి టీకా ఉన్నా పూర్తి రక్షణ ఇవ్వదు. కుక్క ఆడుతూ పాడుతూ ఉంటుంది, ఏడాదికో రెండేళ్లకో కళ్ల చుట్టూ జుట్టు రాలి, బరువు తగ్గి, కిడ్నీలు దెబ్బతింటాయి. పిడుదుల వల్ల ఎర్లీకియా, బబీసియా, అనాప్లాస్మా అనే జబ్బులు వస్తాయి. దోమ వల్ల హార్ట్‌వార్మ్ వస్తుంది, పురుగు గుండె దగ్గరి రక్తనాళాల్లో పెరుగుతుంది. మామూలుగా చేసే టెస్ట్ పెరిగిన ఆడ పురుగును మాత్రమే పట్టుకుంటుంది, అది పెరగడానికి ఆరు నెలల దాకా పడుతుంది. కాబట్టి నాలుగు నెలల పిల్లకు "హార్ట్‌వార్మ్ నెగెటివ్" అని రిపోర్ట్ చూపిస్తే దాన్ని నమ్ముకుని ఊరుకోకండి, ఆ టెస్ట్‌కు అప్పటికి దొరికేదే ఏమీ లేదు.

ఇక బ్రూసెల్లా కానిస్ అనే బ్యాక్టీరియా. దీనికి కుక్కలకు టీకా లేదు, మందులు వాడినా పూర్తిగా పోయిందని గ్యారంటీ ఇవ్వలేరు, మనుషులకూ సోకుతుంది, ముఖ్యంగా ఈనినప్పుడు గానీ గర్భస్రావమైనప్పుడు గానీ వచ్చే ద్రవాల నుంచి. ఇంట్లో గర్భిణి గానీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు గానీ ఉంటే కుక్క బయల్దేరకముందే ఈ టెస్ట్ చేయించమని పట్టుబట్టండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

లీష్మేనియా పాజిటివ్ వచ్చిందని వెంటనే కాదనకండి, మందులతో చాలా కుక్కలు ఏళ్లపాటు బాగానే బతుకుతాయి. జీవితాంతం మందులు, రక్తపరీక్షలు, ఖర్చు ఉంటాయని ముందే తెలిసి ఒప్పుకోవడం వేరు, ఇంటికొచ్చాక తెలిసి కంగారు పడటం వేరు. అందుకే ప్రతి రిపోర్ట్ మీద చిప్ నంబర్, రక్తం తీసిన తేదీ, ల్యాబ్ పేరు ఉన్నాయా చూడండి. చిప్ నంబర్ లేని రిపోర్ట్ ఏ కుక్కదైనా కావచ్చు.

కుక్క ఇంటికొచ్చాక రెండు మూడు రోజుల్లో వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఫోన్‌లోనే "ఇది విదేశం నుంచి వచ్చింది, ఫలానా దేశం నుంచి" అని చెప్పేయండి, వాళ్లు గ్లవ్స్ వేసుకుని, ఏ టెస్టులు కావాలో ముందే ఆలోచించి ఉంచుతారు. చిప్‌ను అక్కడ స్కాన్ చేయించి 15 అంకెలూ పాస్‌పోర్ట్‌తో పోల్చండి. చెవుల్లో, వేళ్ల మధ్య పిడుదులు వెతికించండి. రక్తం, మూత్రం, మలం అన్నీ ఇచ్చేయండి, ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో ఉన్న మిగతా కుక్కలతో కలపకుండా ఉంచితే మంచిది.

ఒకవేళ కొత్త కుక్క ఎవరినైనా కరిస్తే ఎన్ని కాగితాలున్నా సరే, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నడక తూలడం, ఎక్కువగా చొంగ కారడం, ఉన్నట్టుండి స్వభావం మారడం కనిపిస్తే కుక్కను ముట్టుకోకుండా వెట్‌కు ఫోన్ చేయండి.

హార్ట్‌వార్మ్ టెస్ట్ ఆరు నెలల తర్వాత మళ్లీ చేయించాలి, లీష్మేనియా కూడా అప్పుడే ఇంకోసారి చూపించండి. ఆ తేదీ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి. ఇంకో పని కూడా ఉంది: చిప్ చాలాసార్లు పాత దేశం డేటాబేస్‌లో, షెల్టర్ పేరు మీదే ఉంటుంది, కొత్త కుక్కలు భయంతో తప్పించుకుని పారిపోయేది కూడా మొదటి రోజుల్లోనే, కాబట్టి వెట్ దగ్గర నుంచి ఇంటికొచ్చిన సాయంత్రమే మీ దేశం డేటాబేస్‌లో మీ పేరు, ఫోన్ నంబర్ ఎక్కించేయండి.