సొరంగం తవ్వితే నీళ్లొచ్చినట్టేనా? వెలిగొండ చర్చపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. మార్కాపురం, కనిగిరి, దర్శి, ఉదయగిరి వైపు నుంచి ఇంత ఎండలో వచ్చిన రైతులకు, ఆడపడుచులకు, కాలేజీ పిల్లలకు మరీ ప్రత్యేకంగా.

శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు మన పొలాలకు తేవాల్సిన ప్రాజెక్టు వెలిగొండ. మన దగ్గర దాని మాటెత్తితే రెండే వాదనలు వినపడతాయి. మేం పూర్తి చేస్తే మీరు పాడుపెట్టారని ఒకరు, మీరు రిబ్బన్ కత్తిరించి పోయారే గానీ చేసిందేముందని ఇంకొకరు. టీ కొట్టు కాడ మొదలై టీవీ చర్చ దాకా ఇదే వరస. ‘పూర్తయిందా’ అని అడిగితే అవుననీ చెప్పొచ్చు, కాదనీ చెప్పొచ్చు. నాయకులకు ఆ ప్రశ్న అంత ఇష్టం కావడానికి కారణం అదే. మనం అడగాల్సింది వేరే ఉంది. ఏ భాగం అయింది, ఎన్ని క్యూసెక్కులకు (సెకనుకు ఒక ఘనపు అడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు) అయింది, దాని కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయి?

చరిత్ర గబగబా చెప్పేస్తాను. ఈ నీళ్ల కోసం కొట్లాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు ప్రాజెక్టుకు పెట్టారు. 1996లో చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. 2004 తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమం జలయజ్ఞంలో చేర్చి పనులు నడిపించారు. ఒకటో సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో ముగిశాయి. 2024 మార్చి 6న జగన్‌మోహన్ రెడ్డి రెండింటినీ ప్రారంభించారు. అదే ఏడాది జూలై ఆఖర్లో శ్రీశైలం గేట్లెత్తారు, నీళ్లు కిందికి పోయాయి. మన కాలవల్లోకి చుక్క రాలేదు. మెచ్చుకోవాలన్నా, తిట్టాలన్నా అందరికీ ఇందులో వాటా ఉంది. శిలాఫలకాల లెక్క ఇక్కడితో వదిలేద్దాం.

నీళ్లు వచ్చే దారి చూడండి. శ్రీశైలం జలాశయం వెనక కొల్లంవాగు దగ్గర హెడ్ రెగ్యులేటర్, అంటే నీళ్లు వదిలే గేట్లు. అక్కడి నుంచి నల్లమల కిందుగా రెండు సొరంగాలు, ఒక్కోటి సుమారు 18.8 కిలోమీటర్లు. మోటార్లు, పంపులు ఏమీ లేవు, వాలుకే పారాలి. ఒకటోది 7 మీటర్ల వ్యాసం, 3,000 క్యూసెక్కులు. రెండోది 9.2 మీటర్లు, 8,500 క్యూసెక్కులు. సొరంగాలు దాటాక దోర్నాల వైపు 21 కిలోమీటర్ల పైచిలుకు ఫీడర్ కాలువ. అది పోయి నల్లమల సాగర్‌లో కలవాలి. కొండల మధ్య సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గరున్న మూడు ఖాళీలను మూసి కట్టిన జలాశయం అది, 53.85 టీఎంసీలు పడుతుంది (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగుల నీరు). అక్కడి నుంచి కాలవలు, కాలవల నుంచి పిల్లకాలవలు, చివరికి పొలం.

ఇంతకాలం ఎందుకు పట్టిందని అడుగుతారు. డబ్బు, కాంట్రాక్టుల గొడవ ఒక కారణం. రెండో కారణం రాయి. పైనంతా పులుల అభయారణ్యం. మామూలుగా ఇంత పొడుగు సొరంగమైతే మధ్యలో పక్కదారులు తవ్వి నాలుగైదు చోట్ల నుంచి పని చేస్తారు. ఇక్కడ ఆ వీల్లేదు, కొసల నుంచే తవ్వుకుంటూ రావాలి. బోరింగ్ మిషను వదులు రాయిలో ఇరుక్కుంటే వెనక్కి లాగడానికి రాదు. అది ముందుకు పోతూ తన వెనకే కాంక్రీటు దిమ్మెలు బిగించుకుంటూ పోతుంది గనక వెనకున్న దారి మిషను కంటే ఇరుకు. రెండో సొరంగంలో మిషను మొరాయించాక మిగతాది మనుషులతో, పేలుళ్లతో తవ్వాల్సి వచ్చింది.

ఇక్కడే మాటల గారడీ జరుగుతుంది. తవ్వకం పూర్తవడం వేరు, లైనింగ్, అంటే లోపలి గోడకు కాంక్రీటు వేయడం, పూర్తవడం వేరు. లైనింగ్ లేని చోట రాయి గరుకుగా ఉంటుంది, నీళ్ల వేగం తగ్గుతుంది, అదే వ్యాసంలో తక్కువ నీళ్లు పారతాయి. పైగా వదులు రాళ్లు రాలి పడతాయి. లోపల మిషను భాగాలు ఉంటే వాటిని కోసి బయటికి తేవాలి. సొరంగం ఈ కొస నుంచి ఆ కొసకు వెలుతురు కనపడిన రోజున ప్రారంభోత్సవం చేయొచ్చు గానీ, నీళ్లు వదలలేం.

ఇప్పుడు లెక్క. వెయ్యి క్యూసెక్కులు రోజంతా పారితే 0.0864 టీఎంసీ. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే ఏ మంత్రి ప్రకటననైనా మీరే సరిచూసుకోవచ్చు. ఒకటో సొరంగం రోజుకు 0.26 టీఎంసీ తెస్తుంది. ప్రాజెక్టు లెక్క 45 వరద రోజుల మీద ఉంది కాబట్టి 45 రోజులకు 11.7 టీఎంసీలు. తొలి దశ కింద 1.19 లక్షల ఎకరాలని చెప్పడం అందుకే. రెండూ నిండుగా పారితే 45 రోజులకు దాదాపు 44.7, ప్రాజెక్టు అంచనా 43.5 టీఎంసీలు. వరద 20 రోజులకే తగ్గిందనుకోండి, రెండు సొరంగాలతోనూ వచ్చేది 20 టీఎంసీల లోపే. ఫీడర్ కాలువలో ఒక్కచోట గట్టు బలహీనంగా ఉండి సగం నీళ్లే వదలాల్సి వస్తే, ఆ సగం ఆ ఏడాదికి మళ్లీ రాదు.

మొత్తం ఆయకట్టు 4,47,300 ఎకరాలు. ఉమ్మడి ప్రకాశంలో 3,36,100, నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతంలో 84,000, కడపలో 27,200. 43.5 టీఎంసీలను ఈ ఎకరాలకు పంచితే ఎకరం మీద నిలిచేది సుమారు 27 అంగుళాల నీరు. తాగునీరు, ఆవిరి, కాలవల్లో ఇంకేది అందులోంచే తీయాలి. అంటే ఇది ఆరుతడి ప్రాజెక్టు. కంది, మిర్చి, పత్తి, సజ్జకు సరిపోతుంది. కాలవ మొదట్లో ఉన్నవాళ్లు వరి నాటితే ఆఖరు ఆయకట్టు ఉదయగిరి వాళ్లకు ఎండిన కాలవే మిగులుతుంది. ఈ మాట చెబితే ఓట్లు పోతాయని ఏ పార్టీ చెప్పడం లేదు. నీళ్లు రాకముందే పంటల క్రమం మీద గ్రామసభల్లో తీర్మానాలు కావాలి. నాట్లు పడ్డాక ఎవరూ వినరు.

ముంపు గ్రామాల సంగతి తేలకుండా పైన చెప్పిన లెక్కంతా కాగితమే. సుంకేసుల, గుండంచర్ల, కలనూతల, గొట్టిపడియ లాంటి ఊళ్లు లోపల ఉన్నాయి. జనం కదలకుండా జలాశయంలో నీళ్లు నింపడం కుదరదు. 2013 భూసేకరణ చట్టం 38వ సెక్షన్ ప్రకారం సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి. పాత చట్టం కింద తీసుకున్న భూములకు ఇదెంతవరకు వర్తిస్తుందన్న వాదన ఉంది. అంతకంటే ముదిరిన తగాదా కటాఫ్ తేదీ మీద, అంటే ఏ రోజు నాటికి వయసు లెక్కగట్టాలన్న దాని మీద. సర్వే నాడు పదేళ్ల పిల్లవాడు ఇప్పుడు పెళ్లై పిల్లల తండ్రి. 2013 చట్టం పద్దెనిమిది నిండిన ప్రతి మనిషినీ వేరే కుటుంబంగా చూస్తుంది. తేదీ ఎంత వెనక్కి జరిపితే అంతమంది జాబితాలోంచి జారిపోతారు. పనులు నానబెట్టింది ప్రభుత్వాలు, దాని నష్టం ఆ పిల్లవాడు మొయ్యాలనడం న్యాయం కాదు.

మిగులు నీళ్ల మీద కట్టిన ప్రాజెక్టన్న తెలంగాణ అభ్యంతరాన్ని కొట్టిపారేస్తే పని జరగదు. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1976 తీర్పులో ఉమ్మడి రాష్ట్రానికి 811 టీఎంసీల నికర జలాలు, అంటే ఖాయం వాటా, దక్కాయి. మిగులు నీళ్లు వాడుకునే స్వేచ్ఛ ఇచ్చింది గానీ దాన్ని హక్కుగా చెప్పుకోవద్దంది. వెలిగొండ ఆ మిగులు మీద ఆధారపడింది. మన చేతిలో ఉన్న బలమైన కాగితం 2014 విభజన చట్టం 11వ షెడ్యూల్. నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టులు పూర్తి చేయాలని అందులో ఉంది, వాటిలో ఇదొకటి. 2023 అక్టోబరులో కేంద్రం రెండో కృష్ణా ట్రిబ్యునల్ అయిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అదనపు విచారణాంశాలు ఇచ్చింది. అక్కడ మన తరఫు వాదన ఎలా సాగుతోందని అసెంబ్లీలో అడిగే ఎమ్మెల్యేలు కావాలి.

సాగునీటి కంటే తాగునీరు ముందు. లక్ష్యం 15.25 లక్షల మంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు తాగకూడదు, కనిగిరి వైపు బోర్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది వచ్చిన నీళ్లతో ముందు సమ్మర్ స్టోరేజి ట్యాంకులు నింపాలని ఇప్పుడే రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి.

చివరగా సమాచార హక్కు దరఖాస్తు. ‘ఎప్పుడు పూర్తవుతుంది’ అని రాయొద్దు. రికార్డులో ఉన్నదే వాళ్లు ఇస్తారు, అలాంటి సమాచారం లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇలా రాయండి: రెండో సొరంగంలో ఇప్పటివరకు లైనింగ్ ఎన్ని మీటర్లు అయింది, సంబంధిత ఎం.బుక్ (పని కొలతల పుస్తకం) నకళ్లు ఇవ్వండి. ఫీడర్ కాలువలో ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా పని మిగిలింది. మా ఊరికి నీళ్లిచ్చే పిల్లకాలువ నంబరేంటి, దానికి భూసేకరణ ఎన్ని ఎకరాలు అయింది. ఒక్కో అంశానికి ఒక్కో దరఖాస్తు పెడితే తప్పించుకునే సందు తగ్గుతుంది. గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. కోర్టు ఫీ స్టాంపు అంటించినా చెల్లుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే శాఖ పైఅధికారికి మొదటి అప్పీలు వేయాలి. దానికి ఫీజు లేదు. రిజిస్టర్డ్ పోస్టు రసీదు మాత్రం పారేయకండి, అప్పీలుకు అదే ఆధారం.